తపాలు నుంచి టోనర్ దాకా: పంచాయతీ ఆఫీసులో టైపింగు సామాను మార్చుకునే పద్ధతి

చిత్తూరు జిల్లాలో టైపిస్టుగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. కార్బన్ పేపర్లు పెట్టి టైపు మిషను మీద నాలుగు కాపీలు కొట్టాను. స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ తిప్పాను. తర్వాత అను ఫాంట్లు, ఆ పైన యూనికోడ్. ఇన్నిసార్లు సామాను మారినా ప్రతిసారీ జరిగిన తప్పు ఒక్కటే. ముందు అట్టపెట్టెలు దిగేవి, వాటితో ఏం చేయాలన్న ఆలోచన తర్వాత మొదలయ్యేది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు, అంటే భద్రతా లోపాలకు సవరణలు పంపడం, 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. దాంతో ఇప్పుడు చాలా ఆఫీసుల్లో కొత్త సిస్టమ్‌ల మాట నడుస్తోంది. మొన్న ఒకాయన ఫోను చేసి, "సార్, సిస్టమ్‌లు శాంక్షన్ అయినాయి. ఏ కంపెనీవి తీసుకుందాం?" అన్నాడు. కంపెనీ సంగతి ఈ వ్యాసంలో ఏడో మెట్టు మీద ఉంది. ముందు ఆరు మెట్లు ఎక్కాలి. పంచాయతీ అయినా, మండల పరిషత్తు అయినా, చిన్న మున్సిపాలిటీ అయినా ఇదే వరస.

1. ముందు కాగితాలు లెక్కపెట్టండి

డిస్పాచ్ రిజిస్టరు తీసి, గడిచిన నెలలో ఒక వారం ఎంచుకోండి. ఆ వారం ఆఫీసు నుంచి బయటికి పోయిన కాగితాలన్నీ ఒక తెల్లకాగితం మీద వేయండి. నోటీసులు ఎన్ని, ఎండార్స్‌మెంట్లు ఎన్ని, మెమోలు, ప్రొసీడింగ్స్, సమావేశం ఎజెండాలు ఎన్ని. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో వచ్చిన అర్జీలకు పంపిన జవాబులు ఎన్ని. ప్రతిదాని పక్కన మూడు సంగతులు రాయండి: తెలుగా ఇంగ్లీషా, ఎవరు కొట్టారు, ఎక్కడ కొట్టారు.

ఆ మూడో గడిలోనే అసలు గుట్టు బయటపడుతుంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో, పేరెందుకులెండి, నాలుగు సిస్టమ్‌లు ఉండేవి. తెలుగు కొట్టే ఆపరేటరు ఒక్కతే. ఆమె సెలవు పెడితే నోటీసులన్నీ బస్టాండు ఎదుటి డీటీపీ సెంటరుకు పోయేవి. ఖర్చు 'స్టేషనరీ' కింద వోచరై కూర్చునేది. మూడేళ్ల తీర్మానాలు ఆ అంగడి కంప్యూటర్లో ఉన్నాయని, ఆ అంగడాయన అంగడి మార్చిన రోజున గాని మాకు తెలియలేదు. అలాంటి చోట ఇంకో నాలుగు సిస్టమ్‌లు దించితే ఏం లాభం? కావాల్సింది తెలుగు కొట్టగలిగే ఇంకో ఇద్దరు.

ఈ లెక్కతో ఎన్ని కుర్చీల దగ్గర నిజంగా టైపింగు జరుగుతుందో తేలుతుంది. సాధారణంగా మనం అనుకున్నదానికంటే తక్కువే ఉంటుంది.

2. పాత సిస్టమ్‌ను పారేసే ముందు మూత తీసి చూడండి

విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసరు, ఆ పైవి. మైక్రోసాఫ్ట్ వాళ్ల 'పీసీ హెల్త్ చెక్' అనే ఉచిత ప్రోగ్రాం నడిపితే ఈ సిస్టం పనికొస్తుందో లేదో అదే చెప్తుంది. పనికొస్తుందంటే పాత హార్డ్ డిస్కు తీసి, దానికంటే వేగంగా చదివే ఎస్ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 జీబీ చేయించండి. "బూటయ్యేలోపు టీ తాగొచ్చు" అని మనం తిట్టుకునే సిస్టమ్‌లలో చాలావాటికి రోగం ఆ హార్డ్ డిస్కే.

పనికిరాదని తేలిన సిస్టం మీద విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్, వర్డ్‌కు బదులు లిబ్రెఆఫీస్ వేసి తపాలు సీటుకు ఇవ్వొచ్చు. డిజిటల్ సంతకం టోకెను, వేలిముద్ర యంత్రం వాడే సీటుకు మాత్రం వాటిని నడిపే డ్రైవర్ ప్రోగ్రాంలు దొరుకుతాయని రుజువు చూసుకోకుండా ఇవ్వొద్దు.

3. ఫాంటు: అసలు తలనొప్పి

ఇక్కడ కాస్త నిలబడదాం. మన ఆఫీసుల్లో పాత తెలుగు ఫైళ్లలో ఎక్కువ భాగం అను ఫాంట్లలోనో, ఆ తరహా ఇంకోదాంట్లోనో ఉంటాయి. ఆ ఫాంట్లు చేసేది ఒక కనికట్టు. లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే, వాటికి పైన తెలుగు బొమ్మలు తొడుగుతాయి. ఫాంటున్న సిస్టంలో ముత్యాల్లా కనిపిస్తుంది. లేని సిస్టంలో తొడుగు ఊడిపోతుంది.

కొత్త సిస్టం వచ్చిన మొదటి రోజే పాత గ్రామసభ తీర్మానం తెరిచి చూపించబోయాం. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, ఆశ్చర్యార్థకాలు. సర్పంచమ్మ వంగి చూసి, "ఏంది సార్ ఇది, ఇంగ్లీషులో తిట్లు మాదిరి ఉండాయి" అనింది. ఫాంటు వేస్తే కనబడుతుంది, నిజమే. కానీ 'కుళాయి' అని వెతికితే దొరకదు, పేర్లను అకారాది క్రమంలో పేర్చలేం, వెబ్‌సైటులో పెట్టలేం, వాట్సాప్‌లో అతికించలేం.

యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉంది. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. కాబట్టి ఆఫీసులో మొదటి ఉత్తర్వు ఇదే కావాలి: ఫలానా తేదీ నుంచి పుట్టే ప్రతి కాగితం యూనికోడ్‌లోనే. తేదీ వేసి, సెక్రటరీ సంతకంతో, నోటీసు బోర్డు మీద అంటించండి.

తర్వాత ఆఫీసంతటికీ ఒక్క ఫాంటు ఎంచుకోండి. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ సిస్టంతోపాటే వస్తుంది, తమిళం, కన్నడం కూడా అందులోనే ఉన్నాయి. నగరిలో తమిళ అర్జీ, కుప్పంలో కన్నడ అర్జీ రావడం మనకు కొత్త కాదు కదా, ఈ గుణం అక్కరకొస్తుంది. ఎక్స్‌పీ కాలం నాటి గౌతమి, విండోస్ 7తో వచ్చిన వాణి ఇప్పుడు అడిగితేనే దిగుతాయి, వాటిలో కొట్టిన పాత కాగితం కొత్త సిస్టంలో తెరిస్తే వరసలు జరిగిపోతాయి. కాగితం మీద హుందాగా కనిపించాలంటే నోటో సెరిఫ్ తెలుగు, మండలి ఉచితంగా దొరుకుతాయి. శ్రీకాళహస్తి వాళ్లకు ధూర్జటి పేరుతో కూడా ఒక ఫాంటుంది. అయితే అది శీర్షికలకే బాగుంటుంది, నోటీసు మొత్తం దాంట్లో కొడితే చదవలేక చస్తారు.

సెట్టింగుల్లో మూడు మెలికలున్నాయి, ఎవరూ చెప్పరు.

ఒకటి, వర్డ్‌లోనూ లిబ్రెఆఫీస్‌లోనూ తెలుగును 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' కింద లెక్కేస్తారు. దానికి ఫాంటు, సైజు, బోల్డు వేరే గడిలో ఉంటాయి. ఇంగ్లీషు అక్షరం మారి తెలుగు మారకపోతే కీబోర్డును కొట్టొద్దు. వర్డ్‌లో ఫాంట్ డైలాగు తెరిచి కింది సగం చూడండి. లిబ్రెఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లోకి పోయి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్కు పెట్టండి.

రెండు, లైన్ స్పేసింగ్ 'ఎగ్జాక్ట్‌లీ' అని ఉంటే వత్తుల కాళ్లు తెగుతాయి. 'మల్టిపుల్' చేసి 1.15 దగ్గర పెట్టండి.

మూడు, 'నోట్‌బుక్' అని కొడితే 'నోట్బుక్' అని ముద్దయిపోతోందా? మధ్యలో కనబడని అడ్డుగోడ ఒకటి పెట్టాలి. పొల్లు తర్వాత 200, దాని వెంటే ఇంగ్లీషు సి కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. ఆ నాలుగు గుర్తులూ మాయమై గోడ మిగులుతుంది.

4. పాత ఫైళ్ల మార్పిడి

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అన్నీ మార్చాలనే ఆశ పెట్టుకోవద్దు. ఐదేళ్ల కిందటి చెత్త తరలింపు మెమోను మార్చి ఎవరికి వడ్డిస్తారు? తీర్మానాలు, ఇంటి పన్ను జాబితాలు, లే అవుట్ ఉత్తర్వులు, కోర్టు కేసుల కాగితాలు మార్చండి. మిగతావి పాత సిస్టంలో తెరిచి పీడీఎఫ్ చేసి పెట్టేయండి. వెతకడానికి పనికిరాకపోయినా చదవడానికి ఉంటాయి.

మార్చిన ప్రతి ఫైలులో ముందు చూడాల్సింది ఈ మాటలు: రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానమ్మ, ఋణం, ఘనపదార్థాలు, ఫిర్యాదు. కన్వర్టరు తడబడేది మూడంతస్తుల వత్తుల దగ్గర, ఘ ఫ లాంటి కవలల దగ్గర. తర్వాత అంకెలు. పన్ను జాబితాలో ఒక అంకె తారుమారైతే వత్తు పోవడంకన్నా పెద్ద గొడవ. ఒకరు పాత ప్రింటు పట్టుకుని పైకి చదవాలి, ఇంకొకరు తెర మీద చూడాలి. ఒక్కరే రెండూ చూస్తే కళ్లు అలవాటు ప్రకారం ఒప్పేసుకుంటాయి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ప్రమాదం ఇంకోటి ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. చంద్రగిరి, రేణిగుంట లాంటి మండలాల టెంప్లేట్లలో ఇప్పటికీ కిందెక్కడో 'చిత్తూరు జిల్లా' నక్కి ఉంటుంది. కొత్త టెంప్లేట్లలో మార్చండి. కానీ పాత రికార్డు మీద 'ఫైండ్ అండ్ రీప్లేస్' నడపొద్దు. 2015 నాటి ఉత్తర్వు చిత్తూరు జిల్లాలోనే పుట్టింది, దాన్ని అలాగే ఉండనివ్వాలి.

5. వేళ్ల సంగతి

ఆఫీసులో మూడు రకాల వేళ్లుంటాయి. టైపు పరీక్షలు లోయరు, హయ్యరు పాసై వచ్చినవాళ్లు కళ్లు మూసుకుని కొడతారు, కానీ టైపు మిషను వరసలో. డీటీపీ నేర్చినవాళ్లది యాపిల్ అనే ఇంకో కీబోర్డు వరస. గ్రామ సచివాలయాల నుంచి వచ్చిన పిల్లలు ఫోనులో మాదిరి ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు. ఎవర్నీ ఎగతాళి చేయొద్దు. యాపిల్ వరసలో కొడితే యూనికోడ్ వచ్చే ఉపకరణాలున్నాయి. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్లకు విండోస్‌లోనే 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. భాష మార్చడానికి విండోస్ గుర్తు, స్పేస్ బార్ కలిపి నొక్కితే చాలు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు మాత్రం నా ఓటు, భారతీయ భాషలకు ఉమ్మడి కీబోర్డు వరస అయిన ఇన్‌స్క్రిప్ట్‌కే. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. ఏ భాషలోనైనా క ఒకే మీట మీద ఉంటుంది కాబట్టి తమిళం కొట్టేవాళ్లు తెలుగుకు రెండు రోజుల్లో అలవాటు పడతారు. 'రాష్ట్రం' కొట్టి చూడండి: జె, ఈ, షిఫ్టుతో కామా, డి, ఎంటర్ మీటకు ఎడమ పక్కనున్న కొటేషన్ గుర్తు, మళ్లీ డి, జె, ఎక్స్. ఎనిమిది నొక్కులు. డి మీట పొల్లు, వత్తు కావాల్సిన ప్రతిచోటా అదే. ఈ ఒక్క మాటతో రోజుకో ఇరవై నిమిషాలు సాధన చేస్తే నెలలో చేయి తిరుగుతుంది.

మా దగ్గర రిటైర్‌మెంటుకు ఏడాదిన్నర ఉన్న ఒకాయన మొదటి వారం, "నన్నొదిలేయండప్పా" అన్నాడు. బలవంతం చేయలేదు. పాత సిస్టం, పాత వరస ఆయనకే వదిలి, యూనికోడ్‌కు మార్చే పని పక్క సీటు అమ్మాయికి ఇచ్చాం. నెల తర్వాత ఆయనే వచ్చి, "ఆ డి మీట సంగతేందో చెప్పమ్మా" అని అడిగాడు.

6. ప్రింటరు

కాగితాల లెక్క ఇక్కడ పనికొస్తుంది. రోజూ పదుల కొద్దీ నలుపు పేజీలు పోతుంటే మోనో లేజరు, రెండు వైపులా తానే అచ్చువేసేది తీసుకోండి. టోనర్ డబ్బా మీద రాసే పేజీల సంఖ్య, కాగితంలో 5 శాతం మేర మాత్రమే నలుపు పడే పేజీ లెక్కన కట్టింది. బోల్డు శీర్షిక, గళ్ల పట్టీ ఉన్న మన నోటీసుకు ఆ లెక్క నిలవదు. ధరతోపాటు టోనర్ ధర, టోనరును కాగితం మీదికి దించే డ్రమ్ము వేరేగా మార్చాలా అన్నదీ అడగండి. డ్రమ్ము సంగతి అడగకుండా కొని, తర్వాత ప్రింటరంత ధర పెట్టినవాళ్లను చూశాను.

ఇంక్‌ట్యాంకు ప్రింటర్లు పేజీకి చవక. కొనేముందు అచ్చేసిన కాగితం మీద రెండు చుక్కల నీళ్లు చల్లి చూడండి. నవంబరు ముసురులో తలుపు సందుల్లో దోపి వచ్చే పన్ను నోటీసు చెరిగిపోతే, అందలేదనే అంటారు. కార్బన్ రసీదులు కొడుతున్న డాట్ మ్యాట్రిక్స్ బాగా ఉంటే దాన్ని కదిలించొద్దు.

లేజర్ ప్రింటరును యూపీఎస్‌కు తగిలించొద్దు. టోనరును కాగితానికి అంటించే వేడి రోలరు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ కూతపెట్టి ఆగిపోతుంది, దాంతోపాటు సేవ్ చేయని ఎజెండా కూడా. యూపీఎస్ సిస్టంకు, మోడెముకు మాత్రమే.

పాత టెంప్లేట్లు లీగల్ సైజులో ఉంటే ఏ4కి మార్చి ఒక్కొక్కటీ ప్రింటు తీసి చూడండి. లేదంటే సంతకం ఒక్కటే రెండో పేజీకి పోతుంది. ఖాళీ పేజీ మీద సంతకం పెట్టించుకున్నారనే మాట మనకెందుకు?

7. ఇప్పుడు కొనండి

మొదట ఏ పద్దు నుంచి డబ్బో తేల్చుకోండి. ఆర్థిక సంఘం నిధుల్లో టైడ్ గ్రాంటు, అంటే ఫలానా పనికే వాడాలని కట్టుబాటున్న డబ్బు, తాగునీటికి, పారిశుద్ధ్యానికి. దాంతో కంప్యూటరు కొంటే ఆడిట్ పేరా (ఆడిటు వాళ్ల రాతపూర్వక అభ్యంతరం) ఖాయం. అంచనా, తీర్మానం, పరిపాలనా అనుమతి, ఆ తర్వాతే ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు జెమ్ పోర్టలో, రాష్ట్రం వారి సాంకేతిక సేవల సంస్థ ఏపీటీఎస్సో. ఎంత మొత్తానికి ఏ పద్ధతి అనేది మారుతుంటుంది కాబట్టి కొనే నాటి ఉత్తర్వు ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

స్పెసిఫికేషన్‌లో కంపెనీ పేరు రాయొద్దు, పని రాయండి. ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్, అసలు లైసెన్సు ఉన్న విండోస్ 11, మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ. తెలుగు అక్షరాలు కూడా అచ్చైన కీబోర్డు దొరికితే అడగండి, లేకపోతే స్టిక్కర్లు అంటిస్తే సరి. వర్డ్‌కు ఏటా డబ్బు కట్టాలా, లిబ్రెఆఫీస్ సరిపోతుందా అన్నది కాగితాల లెక్కే చెప్తుంది. నోటీసులు, మెమోలు కొట్టడానికి లిబ్రెఆఫీస్ చాలు. పై ఆఫీసు నుంచి మాక్రోలు (లోపల పొదిగిన చిన్న ప్రోగ్రాంలు) ఉన్న ఎక్సెల్ షీట్లు వచ్చే అకౌంట్స్ సీటుకు మాత్రం ఎక్సెల్ ఉంచండి.

సర్వీసు ఇంజనీరు ఏ ఊరి నుంచి వస్తాడని రాతపూర్వకంగా అడగండి. కుప్పానికి తిరుపతికంటే బెంగళూరే దగ్గర. చిత్తూరుకు వేలూరు గంట ప్రయాణం. "మీది మా ఏరియా కాదు" అనే మాట వారంటీ మొదటి ఏడాదే వింటారు.

సరుకు దిగాక అంగీకార పత్రం మీద సంతకం చేసేముందు పెట్టె విప్పి, సీరియల్ నంబరు సరిచూసి, తెలుగులో పేరా కొట్టి, ప్రింటు తీయండి. ఆ ప్రింటునే ఫైల్లో పెట్టండి. స్టాక్ రిజిస్టరులో ఆ రోజే ఎక్కించండి.

8. టెంప్లేట్లు, మెయిల్ మెర్జ్

తరచు పోయే పదో పన్నెండో రకాల కాగితాలకు టెంప్లేట్లు తయారుచేసి, అందరికీ కనబడే ఒక్క ఫోల్డరులో, మార్చడానికి వీల్లేకుండా పెట్టండి. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లో 'ఎంబెడ్ ఫాంట్స్' టిక్కు పెడితే పై ఆఫీసులో కూడా కాగితం ఇలాగే తెరుచుకుంటుంది. ఫైలు పేరులో తేదీ ముందు రాయండి, ఏడాది, నెల, రోజు వరసలో. అవే వరసగా కూర్చుంటాయి.

జాబితాలోని పేర్లను, నంబర్లను ఒక్కో నోటీసులో తానే నింపే మెయిల్ మెర్జ్‌ను ఇంటి పన్ను నోటీసులకు నేర్చుకుంటే మూడు వారాల పని ఒక మధ్యాహ్నానికి వస్తుంది. ఒక్క గండం ఉంది. ఎక్సెల్‌లో 3-12 అని ఇంటి నంబరు కొట్టగానే అది డిసెంబరు 3 అయి కూర్చుంటుంది. మేము చూసుకోలేదు. ఒక వీధి మొత్తం నోటీసుల్లో డోరు నంబరు ఉండాల్సిన చోట తేదీలు పడ్డాయి. బిల్ కలెక్టరు తిరిగొచ్చి, "సార్, ఈ క్రిస్మస్ ఇల్లు యాడుంది?" అని 25-12 నోటీసు చూపించాడు. తేదీ అయ్యాక ఆ గడిని 'టెక్స్ట్' చేస్తే ఏదో ఐదంకెల సంఖ్య తేలుతుంది తప్ప పాత నంబరు తిరిగి రాదు. డేటా కొట్టకముందే ఆ కాలమ్ మొత్తాన్ని 'టెక్స్ట్' చేయండి.

9. కాపీలు

ఆఫీసు ఫైళ్లకు మూడు కాపీలు, రెండు రకాల సామాను మీద, ఒకటి వేరే భవనంలో. 2021 నవంబరు వరదలో తిరుపతి వీధుల్లో నీళ్లు పారడం అందరం చూశాం. సీపీయూను నేల మీద పెట్టొద్దు, కాపీ తీసిన డిస్కును అదే బల్ల సొరుగులో పెట్టొద్దు. శుక్రవారం సాయంత్రం కాపీ తీసి రిజిస్టరులో సంతకం పెట్టే మనిషి ఒకరుండాలి. నెలకోసారి ఆ డిస్కు నుంచి ఏదో ఒక ఫైలు తెరిచి చూడండి. తెరుచుకోని కాపీ కాపీయే కాదు. బయటి పెన్‌డ్రైవులు పెట్టేందుకు ఒక్క సిస్టమే కేటాయించండి.

10. పాతవాటి సాగనంపు

రెండు నెలలు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడవనివ్వండి. తర్వాత పనికిరానివాటిని కండెమ్ (ఇక వాడకానికి పనికిరావని రాయించడం) చేయించి, హార్డ్ డిస్కులు పూర్తిగా చెరిపించి, నమోదైన ఈ-వేస్ట్ రీసైక్లరుకు ఇచ్చి రసీదు తీసుకోండి. ఈ-వ్యర్థాల కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, పాత ఇనుపసామాన్ల బండికి తూకానికి వేయడం కుదరదు. అను ఫాంట్లున్న సిస్టం ఒక్కటి, నెట్ కనెక్షను తీసేసి, రికార్డు రూములో ఉంచుకోండి. ఎప్పుడో ఒక పాత ఫైలు అడుగుతారు.

ఇక మిగిలింది డీటీపీ సెంటరు. ఎక్స్‌టర్నల్ డిస్కు తీసుకుని మీరే పోయి, మీ ఆఫీసు ఫైళ్లన్నీ ఎక్కించుకుని, ఆ అంగడాయన ఎదుటే ఆ సిస్టంలోంచి తీసేయించండి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించి, అతనికి రావాల్సిన పాత బాకీ ఏమన్నా ఉంటే ఆ రోజే ఇచ్చేసి రండి.